పెతీ సవాన్‌లో నాన్న

ఆ ఏడు క్రిస్మస్‌కి మొదలయ్యే గాలులు ఫిబ్రవరి వచ్చినా తగ్గలేదు. మా కరియాకూ దీవిలో ఉన్న చిన్న పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుని ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా అమ్మ ఎస్టీమీకి సముద్ర ప్రయాణం మీద మనసు పుట్టింది.

పొద్దున కోకో టీ తాగుతూ, కిరసనాయిలు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, "మీ నాన్న మళ్ళీ వచ్చాడు" అంది.

"ఏమంటాడు?" అన్నాడు తమ్ముడు ఆల్విన్ రొట్టె నములుతూనే. మా దీవిలో పోయినవాళ్ళు కల్లోకి రావడం వింతేమీ కాదు. వచ్చినవాళ్ళకు ఏం కావాలో కనుక్కోవడమే మా పని.

"ఏమీ అనలేదురా. గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటి మీద బట్టలు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాడు. నేలంతా తడుస్తుందని మొహమాటపడ్డట్టు అక్కడే నిలబడ్డాడు."

బతికుండగా నాన్న ఏనాడూ నేల తడుస్తుందని మొహమాటపడిన మనిషి కాదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది గానీ అమ్మ మొహం చూసి మింగేశాను.

నాన్న పేరు మకేర్. పోయి తొమ్మిదేళ్ళయింది. మా దీవికి ఈశాన్యంగా ఒక పూట ప్రయాణంలో పెతీ సవాన్ అని చిన్న లంక ఉంది. అక్కడ మనుషులు లేరు, మంచినీళ్ళు లేవు, పడవ కట్టుకోను రేవు లేదు. వాన పడితే గడ్డి మాత్రం మొలుస్తుంది. ఆ రోజుల్లో కొందరు గొర్రెల్ని తీసుకెళ్ళి అక్కడ వదిలేసి, బలిశాక పట్టి తెచ్చుకునేవారు. నాన్న, ఆయన స్నేహితుడు ఊథన్ అలా గొర్రెల కోసమే వెళ్ళారు. వారం తర్వాత ఊథన్ ఒక్కడే తిరిగొచ్చాడు. మకేర్ జ్వరం తగిలి రెండు రోజుల్లో పోయాడనీ, ఆ ఎండల్లో శవాన్ని తెచ్చే దారి లేక సముద్రద్రాక్ష చెట్టు కింద తానే మట్టి చేశాననీ చెప్పాడు.

మా వాళ్ళలో మట్టి చేయడంతో పని తీరిపోదు. సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టి, పెద్దలకు ఉప్పు లేని వంట వండి పెట్టి, డప్పులు కొట్టించి, నలుగురికీ భోజనాలు పెడితేనే మనిషిని సాగనంపినట్టు. ఐదేళ్ళకు రాయి పెట్టేవాళ్ళున్నారు, ఇరవై ఏళ్ళకు పెట్టేవాళ్ళున్నారు. అప్పటిదాకా పోయిన మనిషి పోయీ పోనట్టే లెక్క.

"ఈ ఏడు రాయి పెట్టాలి. నేనుండగానే" అంది అమ్మ.

ఆ చివరి మాట నాకోసం అన్నది. జనవరిలో అమ్మ కాళ్ళు వాచిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు నన్ను బయటికి పిలిచి, గుండె బాగా బలహీనపడిందనీ, ఈ ఏడు గడిస్తే అదృష్టమే అనుకోమనీ చెప్పాడు. నేను లోపలికొచ్చి అమ్మతో ఏమీ లేదన్నాను. అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ అడగలేదు.

ఆ ఆదివారం ఊథన్ బాబాయి ఎప్పట్లాగే మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం అమ్మ ఆయనకు అన్నం పెడుతూనే ఉంది. ఇంట్లో చేపలో పెద్ద ముక్క ఆయన పళ్ళెంలోనే పడేది. ఆల్విన్ సణిగితే, "మీ నాన్నకి మట్టి చేసిన చేతులురా అవి" అనేది.

"ఊథన్, మమ్మల్ని పెతీ సవాన్ తీసుకెళ్ళాలి" అంది అమ్మ, ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక.

ఆయన నమలడం ఆపాడు. "దేనికి వదినా?"

"పిక్నిక్‌కి. రాయి పెట్టడానికి కాక దేనికి వెళ్తారు?"

"అక్కడ దిగడం అంత తేలిక కాదు. అలలు మనిషిని ఎత్తి కొడతాయి. నీ కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో."

"నా కాళ్ళతో నీకేం పని? నాకు కొడుకున్నాడు, వాడికి వీపుంది. దారి నువ్వు చూపించక్కర్లేదు, ఆల్విన్‌కి తెలుసు. ఏ చెట్టో నీకే తెలుసు. నువ్వొచ్చి చూపించాలి, అంతే."

ఆల్విన్ అప్పటికి రెండేళ్ళ కిందటే సరుకు ఓడల కొలువు మానుకుని వచ్చి, విండ్‌వర్డ్ ఊరి ఒడ్డున పడవలు కడుతున్నాడు. అమ్మ మాట వినగానే వాడికీ హుషారు పుట్టింది. బొగ్గుముక్కతో బల్ల మీద లంక బొమ్మ గీసి, "ఏ పక్క దిగాలి బాబాయ్? ఈ మొనకి ఇవతలా, అవతలా?" అని అడిగాడు. ఊథన్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఈస్టర్ వెళ్ళేదాకా సముద్రం మాట వినదు, అప్పుడు చూద్దామని చెప్పి, పళ్ళెంలో సగం వదిలేసి లేచాడు. అమ్మ చేతి వంట ఆయన వదిలేయడం నేను అంతకుముందు చూడలేదు.

ఇక అమ్మ రెండు నెలలు మా ప్రాణాలు తోడేసింది. నేను స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టుకు బతుకుతున్నదాన్ని. కుట్టుమిషను పక్కనే కూర్చుని చెప్పేది, నేను పాత లెక్కల పుస్తకంలో రాయాలి. మంచినీళ్ళు నాలుగు పీపాలు. మొక్కజొన్న పిండి, బియ్యం, కందులు. ఒక గొర్రె, ఒక తెల్ల కోడిపుంజు. నేల మీద చిలకరించడానికి జాక్ ఐరన్ రమ్ము ఒక సీసా, తాగడానికి రెండు. మర్నాడు పొద్దున్నే వచ్చి, తాగడానికి రెండు చాలవు, డప్పులవాళ్ళు ఒట్టి గొంతుతో పాడరు, మూడు చెయ్ అనేది.

మా మేనత్త జెఫ్రీన్ రోజూ వచ్చి ఆ జాబితా విని వెక్కిరించేది. "ఎస్టీమీ, నువ్వు వెళ్ళేది సమాధికా, కాపరానికా? కుర్చీ ఎందుకే అక్కడికి?"

"నా మొగుడితో మాట్లాడాలి. నిలబడి మాట్లాడే ఓపిక నాకు లేదు."

"బతికుండగా ఎప్పుడైనా కూర్చుని మాట్లాడావా పాపం వాడితో?"

"అందుకే ఇప్పుడు కూర్చుంటానంటున్నా" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. అమ్మ ఆ నవ్వుకే ఆయాసపడి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

రాయి ఆల్విన్ స్వయంగా పోశాడు. సిమెంటు, ఇసుక కలిపి చెక్క అచ్చులో పోసి, పచ్చిగా ఉండగానే మేకుతో అక్షరాలు గీశాడు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. అమ్మ వేలితో ఒక్కో అక్షరం తడిమి చూసి, బాగుందిరా అంది. మా పద్ధతి ప్రకారం రాయిని తెల్ల దుప్పట్లో చుట్టి నాన్న మంచం మీద పడుకోబెట్టాం. మూడు వారాలు అది అక్కడే ఉంది.

ఎందుకంటే ఈస్టర్ వెళ్ళింది, గాలి తగ్గింది, ఊథన్ మాత్రం కదలలేదు. మొదటి వారం అమావాస్య ఆటు మంచిది కాదన్నాడు. రెండో వారం నడుం పట్టేసిందన్నాడు. మూడో ఆదివారం భోజనానికే రాలేదు. ఆ రోజే అమ్మ చర్చిలో పాట మధ్యలో కూలబడిపోయింది. ఇంటికి తెచ్చి పడుకోబెడితే, "సముద్రం ఎలా ఉందే?" అని అడిగింది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది, పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊథన్‌ని నిలదీయడానికి బయల్దేరాను.

ఆయన ఒడ్డున బాదం చెట్టు నీడలో కూర్చుని చేపలు పట్టే వెదురు బోను బాగుచేసుకుంటున్నాడు. నడుం శుభ్రంగా వంగుతోంది.

"నడుం నొప్పి తగ్గినట్టుందే" అన్నాను.

ఆయన బోనును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"బాబాయ్, మా అమ్మ చచ్చిపోతోంది. నీకా సంగతి తెలుసు. ఆవిడ అడిగేదల్లా ఒక్క రోజు. తొమ్మిదేళ్ళ ఆదివారాలు తిన్నావు కదా, ఒక్క రోజు రాలేవా?"

ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టాడు. "వచ్చి ఏం చూపించను క్లెమీ? అక్కడ మీ నాన్న లేడు."

"లేడంటే?"

"సమాధి లేదు. ఏ చెట్టు కిందా లేదు. గొర్రెల్ని పడవెక్కిస్తుంటే అల తిరగబడింది. మేమిద్దరం నీళ్ళలో పడ్డాం. నేను పైకొచ్చా, వాడు రాలా. మూడు రోజులు వెతికా. ఆ లంక చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. ఏమీ దొరకలా."

నేను ఇసకలో కూర్చుండిపోయాను. నీళ్ళలో పోయినవాడికి మా దగ్గర సమాధి లేదు, సమాధి లేనివాడికి రాయి లేదు. వాడు తిరుగుతూనే ఉంటాడని పెద్దవాళ్ళు అంటారు.

"మరి జ్వరమని ఎందుకు చెప్పావు?"

"చెబుదామని రాలేదమ్మా. ఒడ్డుకొస్తుంటే మీ అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది. పడవలో నేనొక్కణ్నే ఉన్నా, చూసింది, అర్థమైపోయింది. ఏం జరిగిందని అడగలా. 'ఎక్కడ పెట్టావు?' అంది. అంతే. నా నోట్లోంచి చెట్టు కింద అని వచ్చేసింది. చెట్టు అన్నాక గొయ్యి తవ్వాలిగా. గొయ్యి తవ్వాక జ్వరం తేవాలి. అప్పటికప్పుడు అన్నీ చెప్పేశా. మీ అమ్మ నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఎలా చెప్పను?"

"తొమ్మిదేళ్ళుంది."

"ఉంది. ఇంత దూరం ఎవరూ రాయి మోసుకెళ్ళరనుకున్నా." ఆయన ఏడుస్తున్నాడు. ముసలివాళ్ళ ఏడుపు, కంట్లోంచి నీళ్ళు కారడమే గానీ చప్పుడుండదు. "నువ్వు చెప్పెయ్ క్లెమీ. నాకు ధైర్యం లేదు. నువ్వు చెబితే మీ అమ్మ వింటుంది."

నేను ఆలోచించింది ఎంతోసేపు కాదు. చెబితే అమ్మ ఆ సాయంత్రానికే పోతుందని నాకు అనిపించింది. అంతకంటే మించి, మంచం మీద దుప్పటి చుట్టుకుని పడుకున్న రాయి గుర్తొచ్చింది. ఆవిడ అక్షరాలు తడిమిన వేలు గుర్తొచ్చింది.

"వెళ్ళి కట్టు" అన్నాను.

"ఏంటి?"

"సమాధి. దిగే చోటు చూసొస్తానని అమ్మకి చెప్పి, ముందే వెళ్ళి కట్టు."

ఊథన్ నా వైపు భయంగా చూశాడు. ఆయన చెప్పింది నోరు జారిన అబద్ధం. నాది అలాంటిది కాదు. తెలిసి, తెలివిగా, పగటిపూట కూర్చుని చేసిన పని. ఎవరైనా అడిగితే ఈ మాట ఇలాగే చెబుతాను.

ఆయన నాలుగు రోజులు వెళ్ళొచ్చాడు. మే మొదటి వారంలో మేం బయల్దేరాం. ఆల్విన్ తెరచాప పడవలో అమ్మ, నేను, జెఫ్రీన్ అత్త, ఊథన్, డప్పులవాళ్ళిద్దరు, గొర్రె, కోడి, కుర్చీ, రాయి. అమ్మ దారి పొడవునా రాయి పక్కనే కూర్చుని, పడవ ఊగినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసింది.

దిగేటప్పుడు ఆల్విన్ అమ్మను వీపున ఎక్కించుకుని నడుము లోతు నీళ్ళలో నడిచాడు. అల వచ్చి ఇద్దర్నీ తడిపేసింది. "ఇదేనట్రా మనిషిని ఎత్తి కొట్టే అల? ఊథన్, నువ్వు నాకంటే ముసలాడివయ్యావు" అని అమ్మ వీపు మీంచే ఎగతాళి చేసింది. నేను ఊథన్ వైపు చూడలేదు.

సమాధి బాగా కట్టాడు. నేను చెప్పకుండానే, కొత్త శంఖాలు కాకుండా ఒడ్డున ఎండకు సున్నంలా తెల్లబడిన పాతవి ఏరి చుట్టూ పేర్చాడు. మట్టి దిబ్బను మధ్యలో కాస్త కుంగిపోనిచ్చాడు. పైన గడ్డి పెళ్ళలు తెచ్చి నాటాడు. తొమ్మిదేళ్ళ నాటిదంటే ఎవరైనా నమ్ముతారు.

అమ్మ దాని ముందు నిలబడి, "తల ఎటు?" అంది.

"తూర్పుకి" అన్నాడు ఊథన్. ఒక్క క్షణం ఆలస్యమైంది.

అమ్మ కుర్చీ వద్దంది. నేల మీదే కూర్చుని, అరచెయ్యి ఆ మట్టి మీద పెట్టి ఏడ్చింది. తొమ్మిదేళ్ళుగా అమ్మ ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆల్విన్ రాయి నిలబెట్టాడు. జెఫ్రీన్ అత్త రమ్ము చిలకరించింది, నీళ్ళు చిలకరించింది, తన తమ్ముణ్ని పేరు పెట్టి పిలిచి, తిని వెళ్ళు నాయనా అంది. డప్పులు మోగాయి. నాకు సంతోషం వేసింది. నిజం దాచడం దేనికి, కొంచెం గర్వం కూడా వేసింది. చచ్చిపోతున్న మనిషికి ఇంతకంటే ఏం ఇవ్వగలను అనుకున్నాను.

భోజనాలయ్యాక అమ్మ కుర్చీలో కూర్చుని చుట్టూ చూసింది. చెట్టు నీడ, గడ్డి, ఎలాగో తప్పించుకుని ఇంకా బతుకుతున్న రెండు గొర్రెలు. "మంచి చోటే పెట్టావు ఊథన్" అంది. తర్వాత నన్నూ ఆల్విన్‌నీ పిలిచింది.

"నేను పోతే నన్నూ ఇక్కడే పెట్టండి. ఆయన పక్కన."

"సరేనమ్మా" అన్నాడు ఆల్విన్ వెంటనే.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే?"

ఊథన్ కుండ కడుగుతున్నవాడల్లా ఆగిపోయాడు. నేను సరేనన్నాను.

ఇంటికొచ్చాక చెప్పాలనుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, ప్రయత్నించాను. వారం రోజులు ధైర్యం కూడదీసుకుని, ఒక మధ్యాహ్నం అమ్మ కాళ్ళకు నూనె రాస్తూ, "అమ్మా, ఆ లంక సంగతి నీతో మాట్లాడాలి" అన్నాను.

"దూరమని బెంగా? ఏడాదికోసారి వచ్చి చూసిపోండి చాలు."

"అది కాదు. ఇక్కడ అమ్మమ్మ ఉంది, పిన్నులందరూ ఉన్నారు. చర్చి పక్కన చల్లగా ఉంటుంది. అక్కడ నువ్వు..."

"ఇక్కడ వీళ్ళకి ఒకళ్ళకొకళ్ళు ఉన్నారే. ఆయన తొమ్మిదేళ్ళుగా ఒక్కడే పడున్నాడు. నాకు చావంటే భయం లేదు క్లెమీ. ఆయన దగ్గరికి వెళ్ళడమేగా." అమ్మ నవ్వుతూ నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు బాగా రాయి కాస్త. ఎడమ కాలు లాగేస్తోంది."

నేను ఎడమ కాలికి నూనె రాశాను.

జూన్ రెండో వారంలో, మొదటి వాన పడి వెలిసిన మధ్యాహ్నం, అమ్మ నిద్రలోనే పోయింది. ఆల్విన్ పడవకని దాచుకున్న పలకలతో పెట్టె చేశాడు. ఫాదర్ గొణిగాడు. మనుషులు లేని చోట అలా పాతిపెట్టడం ఏమిటన్నాడు. జెఫ్రీన్ అత్త అడ్డుపడి, మొగుడు మనిషి కాదా అంది.

నేను ఊథన్‌ని పెరట్లోకి తీసుకెళ్ళాను. "బాబాయ్, సముద్రం బాగాలేదని చెప్పు. నువ్వు చెబితే ఆల్విన్ ఆగుతాడు. ఇక్కడే పెట్టేద్దాం."

"ఇంకోటి చెప్పమంటావా?" అన్నాడాయన. "నావల్ల కాదమ్మా. అయినా ఎవరు నమ్ముతారు, చూడు." సముద్రం నిజంగానే కదలకుండా ఉంది.

ఆల్విన్‌కి నిజం చెప్పొచ్చు. లోపల వాడు పెట్టె మూతకు అమ్మ పేరు గీస్తున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాను. వాడు తలెత్తి, "రెండు నెల్లయినా కాలేదక్కా రాయి పెట్టి. అమ్మ అనుకున్నది చేసింది చూశావా?" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో మాత్రం ఒక తృప్తి ఉంది. నేను మేకులు అందిస్తూ పక్కన నిలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నానికి పెతీ సవాన్ చేరాం. వానకు గడ్డి పచ్చగా లేచింది. పెట్టెను నీడలో దించి, ఆల్విన్ పార తీసుకుని శంఖాల వరస దగ్గర నిలబడ్డాడు. వాటిలో రెండు పక్కకు జరిపి, సరిగ్గా దిబ్బ అంచున మొదటి వేటు వేశాడు.

"అంత దగ్గర వద్దురా" అన్నాడు ఊథన్.

"ఎందుకొద్దు? ఆయన్ని ఆనుకుని ఉండాలంది. ఇంకొంచెం ఇటే తవ్వుదాం."

"పెట్టె కూడా లేకుండా పెట్టాను వాణ్ని. పార తగిలితే..." ఊథన్ వెళ్ళి చెట్టుకు ఆనుకున్నాడు.

ఆల్విన్ పార ఆపి నా వైపు చూశాడు. "అక్కా, నువ్వు చెప్పు. నాన్నకి తగలకుండా ఎంత వదలమంటావు?"

అందరూ నాకోసం ఆగారు. జెఫ్రీన్ అత్త పాడుతున్న పాట కూడా ఆపింది.

"రెండడుగులు వదులు" అన్నాను.

వాడు రెండడుగులు కొలిచి, వదిలి, తవ్వాడు. అమ్మను దించి, మట్టి కప్పి, శంఖాలు పేర్చాం. పొద్దు వాలకముందే అందరం పడవెక్కాం. అమ్మను అక్కడ ఒక్కదాన్నే వదిలేసి వచ్చాం.